ఎర్ర కాయితం, తెల్ల కాయితం

ప్రతి ఆగస్టులో మా బడి పిల్లలను నేనొక ప్రశ్న అడుగుతాను. మన జెండాలో రంగులకు అర్థమేమిటి? అడగడమే ఆలస్యం, చేతులు లేస్తాయి. కాషాయం త్యాగానికి, తెలుపు శాంతికి, ఆకుపచ్చ పంటలకు అని వరుస తప్పకుండా అప్పజెబుతారు. వాళ్ళ వయసులో నేనూ ఇట్లాగే అప్పజెప్పాను. ఆ జవాబులో తప్పేమీ లేదు, పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. కానీ అది విన్నప్పుడల్లా నాకు దాని వెనకే ఇంకో జవాబు వినబడుతుంది. అది మా అమ్మది. దానికి ఎవరూ మార్కులు వేయరు.

నేను పాన్‌గల్ దగ్గర ఒక ఊళ్ళో పంతులమ్మను. కాపురం వనపర్తిలో, రాకపోకలు బస్సులో. పుట్టి పెరిగింది మాత్రం గద్వాల దిక్కు. గద్వాల అనగానే బయటివాళ్ళకు చీర గుర్తొస్తుంది. ఏ పెళ్ళికి పోయినా మా ఊరి పేరు చెప్పగానే "అయితే చీరలు చవకగా ఇప్పిస్తారా?" అని అడిగేవాళ్ళు తగులుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో ఆ పట్టంచు చీర కట్టినవాళ్ళే లేరు. చీరల గద్వాల ఒకటుంది, పత్తి విత్తనాల గద్వాల ఇంకొకటుంది. మాది రెండోది.

విత్తనం కోసం వేసే పత్తి చేను మామూలు పత్తి చేను లాంటిది కాదు. అందులో పువ్వును తేనెటీగ ఇష్టానికి వదిలిపెట్టరు. రెండు రకాల మొక్కలను వేరువేరు సాళ్ళలో పెట్టి, ఒక రకం పువ్వుల పుప్పొడిని రెండో రకం మొగ్గలకు మనిషే చేత్తో రాయాలి. ఊళ్ళో అందరూ దాన్ని క్రాసింగు అంటారు. సాయంత్రం పూట, తెల్లారితే విచ్చుకునే మొగ్గను వెతికి పట్టుకుని, బొటనవేలి గోరుతో పైపొర గిల్లి, లోపలున్న పుప్పొడిని తీసేసేవాళ్ళు. గిల్లిన మొగ్గ పొద్దున్నే గుర్తుపట్టడానికి దాని మీద చిన్న ఎర్ర కాయితం టోపీ పెట్టేవాళ్ళు. మరునాడు ఆ ఎర్ర టోపీ తీసి, రెండో సాలు నుంచి తెచ్చిన పువ్వును దానికి అద్ది, తెల్ల టోపీ పెట్టేవాళ్ళు. ఎర్రది కనబడితే పని మిగిలినట్టు. తెల్లది కనబడితే పని తీరినట్టు. గట్టు మీద నిలబడి చూస్తే చాలు, ఎవరి సాలు ఎంతవరకు వచ్చిందో తెలిసిపోయేది.

ఆలస్యం అమృతం విషం అంటారు. పత్తి పువ్వు విషయంలో అది అక్షరాలా నిజం. పొద్దున మొగ్గ మీద తడి ఆరాకే రాయడం మొదలుపెట్టాలి, పొద్దు నడినెత్తికి రాకముందే ముగించాలి. ఆ తర్వాత ఎంత రాసినా నిలవదు, మొగ్గ రాలిపోతుంది. దీనికి తోడు మా ఆడవాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. గిల్లిన చెయ్యే రాయాలి. సాయంత్రం నువ్వు గిల్లిన మొగ్గకు పొద్దున ఇంకొకరు పుప్పొడి రాస్తే కాయ నిలవదని వాళ్ళ నమ్మకం. నిజమో కాదో నాకు తెలియదు. కానీ జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వచ్చి తమ సాలు తామే చేసుకున్నవాళ్ళను చూశాను.

ఈ పని సరిగ్గా ఆగస్టులోనే జోరుగా ఉంటుంది. అప్పుడు మా ఊరికి ఆదివారం లేదు, అమావాస్య లేదు. బడిలో సగం బెంచీలు ఖాళీ. పిల్లల వేళ్ళు సన్నం, మొక్క ఎత్తుకు సరిగ్గా సరిపోతారు అని మమ్మల్నీ తీసుకుపోయేవాళ్ళు. నేనూ గిల్లాను. ఆ నెలల్లో నా బొటనవేలి గోరు నల్లగా ఉండేది, అన్నం కలుపుకుంటే మండేది. ఇవాళ నా క్లాసులో ఏ పిల్ల గోరైనా అట్లా కనబడితే ఆ సాయంత్రమే వాళ్ళింటికి పోయి కూర్చుంటాను. కోపం నా ముక్కు మీదే ఉంటుందని ఆ ఊరికంతా తెలుసు, పరవాలేదు. అయినా ఆ చేన్ల వాసన, వాన వెలిసిన పొద్దున తడి ఆకుల మధ్య ఆడవాళ్ళ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం అటే లాగుతుంది. కష్టం మీద కూడా బెంగ పెట్టుకోగలడు మనిషి.

ఆగస్టంతా చేన్లోనే గడిచిపోవడం వల్ల మా అమ్మ ఎన్నడూ జెండా ఎగరేయడం చూడలేదు. జనవరిలో ఇంకో జెండా పండుగ ఉంది కదా అంటారేమో. జనవరికి అమ్మా నాన్నా ఊళ్ళోనే ఉండేవాళ్ళు కాదు. పత్తి పనులు ముగియగానే మేస్త్రీ వెంట బొంబాయి దిక్కు కట్టడం పనులకు వలస పోయేవాళ్ళు. నేను అవ్వ దగ్గర ఉండేదాన్ని.

"ఎగిరేటి జెండలను మస్తు సూసిన," అనేది అమ్మ. "ఆఫీసుల మీద సూసిన, బస్టాండు కాడ సూసిన. ఎగరేసేటప్పుడు మాత్రం ఒక్కపారి సూడలే. పూలు పడ్తయంట గద?"

"పడ్తయి. మడతల పెట్టి కడ్తరు. తాడు గుంజంగనే మీదికెళ్ళి రాలుతయి."

"అబ్బ," అనేది అమ్మ. అంతే. కానీ ఆ పూల మాట ఏటా అడిగేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు జెండా పండుగనాడు రంగుల గురించి మాట్లాడడానికి మా సారు నన్ను ఎంచుకున్నాడు. ఒక కాయితం మీద ఆయనే రాసిచ్చాడు. అన్నం తింటూ, బట్టలు పిండుతూ, బర్రెకు గడ్డి వేస్తూ దాన్నే వల్లించాను. అవ్వ "ఈ పిల్లకు దయ్యం పట్టిందే" అన్నది. అమ్మ మాత్రం గిన్నెలు తోముతూ చెవి అటే పెట్టి వినేది. తర్వాత ఒక సాయంత్రం చేను ఆసామి దగ్గరికి తనే పోయింది. నేను వెనకే ఉన్నాను.

"జెండ పండుగనాడు పొద్దుగాల జరసేపు బడికాడికి పోయొస్త. నా బిడ్డ మాట్లాడుతది."

"నీ సాలో?"

"నా సాలు నాదే. తడి ఆరేలోపల వస్త."

ఆసామి మంచివాడే. కాదనలేదు. కానీ పువ్వుకు మంచితనంతో పనిలేదు కదా, ఆయన కూడా గట్టిగానే చెప్పాడు. "తడి ఆరేలోపల. జెండ ఎనిమిదింటికే గద, సరిపోతది పో."

లెక్క ప్రకారం సరిపోవాలి. అమ్మ ఆ మాట పట్టుకుని ఊరంతా చెప్పుకుంది.

బడిలో తోరణాలకు రంగు కాయితాలు లేవు. గద్వాలకు పోయి కొనుక్కొచ్చే తీరిక సారుకు లేదు. మా ఇంట్లో ఉన్నాయని నేను ఎగిరి చెప్పాను. నిరుడు తడిసి, ముడతలు పడి, చేనుకు పనికిరాకుండా మిగిలిన కాయితం టోపీలు అమ్మ ఆసామిని అడిగి ఒక సంచి నిండా తెచ్చి ఇంట్లో దాచి ఉంచింది. పిల్లలమంతా కూర్చుని పురికొసకు అతికించాము. ఒక ఎర్ర టోపీ, ఒక తెల్ల టోపీ, ఒక కానుగాకు. మళ్ళీ ఎర్రది, తెల్లది, ఆకు. కాషాయం లేకపోతే ఎరుపే కాషాయం అనుకోండి అన్నాడు సారు. ఆకులు మెరుస్తుంటే బడి పెళ్ళిపందిరిలా కనబడింది. ఒక తోరణాన్ని గేటు పక్క కిటికీ ఊచకు కట్టాము. కట్టడం రాక అది కిందికి జారి, మనిషి చేతికి అందేటట్టు వేలాడింది.

ఆ పొద్దున అమ్మ దాచుకున్న చీర కట్టుకుని వచ్చింది. చేన్లో చీర మీద తొడుక్కునే నాన్న పాత అంగీని మడిచి చంకలో పెట్టుకుంది. ఇటునుంచి ఇటే పోవాలి కదా. కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. నేను వరుసలో మొదట నిలబడి, అమ్మ వచ్చిందని పక్కపిల్లలందరికీ మోచేత్తో పొడిచి చెప్పాను. నా జన్మలో అంతగా మళ్ళీ గర్వపడ్డానో లేదో.

ఎనిమిదయింది. జెండా ఎగరేయడానికి గద్వాల నుంచి ఒక పెద్దమనిషి రావాలి. ఆయన రాలేదు. సారు గేటు దాకా పోయి రోడ్డు చూసి వచ్చాడు. మళ్ళీ పోయాడు, మళ్ళీ వచ్చాడు. చిన్నపిల్లలు ఒంటికాలి మీద నిలబడడం మొదలుపెట్టారు. మబ్బు విడిపోయి ఎండ చురుక్కుమంది. నాకు రంగులన్నీ మరిచిపోతానేమోనని భయం. అమ్మ భయం వేరు. ఆమె జెండా కర్రను చూసేది, ఆకాశం చూసేది, మళ్ళీ కర్రను చూసేది. ఆమె చూస్తున్నది ఎండను. చేన్లో ఆమె మొగ్గల మీద తడి ఆరిపోతున్నది.

అప్పుడు ఆమె చేతులు చూశాను. కళ్ళు ఆకాశం మీద ఉన్నాయి. చేతులు మాత్రం పక్కన వేలాడుతున్న తోరణం మీద ఉన్నాయి. ఎర్ర టోపీ ఒకటి తీసింది. పక్కనున్న తెల్లదాన్ని ముట్టలేదు. ఆకును ముట్టలేదు. జరిగి ఇంకో ఎర్రది తీసింది. గోడ వెంట మెల్లగా నడుస్తూ, చేన్లో సాలు వెంట నడిచినట్టే, చేతికందిన ఎర్ర కాయితమల్లా తీస్తూ పోయింది. తీసినవి కొంగులో వేసుకుంటున్నది. వరుసలో నుంచి అరవడానికి లేదు, కదలడానికి లేదు.

ఇంతలో రోడ్డు మీది నుంచి చేనుకు పోయే ఆడవాళ్ళ కేక వినబడింది.

"ఓ అక్కా! తడి ఆరిందే! వస్తవా, ఆడనే ఉంటవా?"

అమ్మ నా వైపు చూసింది. చెయ్యి లేపబోయి, ఊరుకుంది. మడత విప్పి అంగీ తొడుక్కుంటూనే గేటు దాటింది. ఆమె వీపు చూస్తూ నేను ఏడుపు మింగాను.

జీపు ఆ తర్వాత వచ్చింది. పెద్దమనిషి నవ్వుకుంటూ దిగాడు. తాడు లాగాడు. బంతిరేకులు రాలాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చింది. కాషాయం అన్నప్పుడు చేత్తో తోరణం వైపు చూపించాలని సారు నేర్పించాడు. చూపించాను. తోరణంలో ఆ పక్కంతా తెలుపూ ఆకుపచ్చా తప్ప ఇంకేమీ లేదు. పిల్లలు కిసుక్కుమన్నారు. నేను ముక్కు ఎగబీల్చి మిగతాది గడగడా అప్పజెప్పేశాను. తర్వాత పెద్దమనిషి ఉపన్యాసం. చెప్పేవాడికి వినేవాడు లోకువ. సమయపాలన గొప్పదనం గురించి ఆయన చాలాసేపు మాట్లాడాడు.

సాయంత్రం చేనుకు పోయాను, పోట్లాడడానికే. అమ్మ, మిగతా ఆడవాళ్ళు మళ్ళీ మొగ్గలు గిల్లుతున్నారు. సాళ్ళలో ఎర్ర టోపీలు లేస్తున్నాయి.

"పొద్దుగాల చెప్పింది మల్ల చెప్పు బిడ్డా," అంది అమ్మ. "మాకు గూడ ఇనబుద్ధయితున్నది."

"చెప్ప. నువ్వెందుకు పోయినవ్?"

"పోకుంటే ఎట్ల? గిల్లిన మొగ్గ ఊకుంటదా?"

"మరి కాయితాలెందుకు తెంపినవ్? అందరు నవ్విండ్రు."

అమ్మ చెయ్యి ఆగింది. "నేను తెంపిన్నా?" అంది. కొంగు ముడి విప్పి చూసుకుంది. బడి కాయితాలు పిడికెడు అందులోనే ఉన్నాయి. ఆమెకు నిజంగానే తెలియదు. "అయ్యో తల్లీ! ఎర్రది కండ్లవడితే తీసుడే అలవాటాయె. సెయ్యి ఊకోలేదే."

పక్కసాలు అత్త పగలబడి నవ్వింది. "తీసినకాడ తెల్లయి పెట్టొచ్చినవా, లేదా?"

"ఏడ పెట్టిన, ఉరికొస్తి."

"అయితే బడి సాలు నీ వల్లనే ఎండిపాయె పో!"

చేనంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కానీ ఆ పూట నవ్వకూడదని నిర్ణయించుకుని ఉన్నాను. గట్టు మీద బిగుసుకుని నిలబడి, కోపంగానే, కాషాయం త్యాగానికి గుర్తు అని మొదలుపెట్టాను.

"త్యాగం అంటే ఏంది?" అమ్మ మొగ్గ మీది నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"మన సుఖం మనం ఇడిసిపెట్టుకునుడు."

"సరిగ్గనే చెప్పిండ్రు. మీద ఎర్రది ఉన్నంతసేపు సుఖమేడిది? తెలుపు?"

"శాంతికి."

"అవ్. పని తీరినంక ఉండేది గదే గద. మల్ల పచ్చది పంటకా?"

"పంటకే."

"ఇగ అంతే. ఎర్రది మిగిలిన పని, తెల్లది తీరిన పని, కిందిది చేను." అమ్మ పక్కసాలు వైపు తిరిగింది. "ఏమే, జెండ కుట్టినోళ్ళు గూడ క్రాసింగుకు పోయినోళ్ళే ఉన్నట్టుండ్రు."

ఇంకా చక్రం మిగిలింది. తెలుపు నడుమ నీలం చక్రం ఉంటుందని, అది ఆగకుండా ముందుకు పోవాలని గుర్తు అని చెప్పాను. అమ్మ మొగ్గ వదిలేసి తలెత్తింది. ఆమె ముఖంలో నిజంగానే దిగులు కనబడింది.

"తెల్లదాంట్ల గూడ చక్రం పెట్టిండ్రా? పని తీరినంక గూడ జర కూసోనియ్యరా?"

నాకు అమ్మ మీది కోపమంతా అక్కడే కరిగిపోయింది. ఆ పెద్దమనిషి మీది కోపం మాత్రం పోలేదు. ఇప్పటికీ పోలేదు.

తర్వాత నేను నాగర్‌కర్నూల్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. అక్కడ జెండా పండుగంటే పొద్దున్నే పులిహోర, ఇస్త్రీ లేని తెల్ల ఓణీ, ఒకరి రిబ్బన్లు ఒకరు కట్టుకోవడం. పూలు రాలేటప్పుడు అందరూ పైకి చూసేవాళ్ళు, నేను మాత్రం గేటు దిక్కు చూసేదాన్ని. ఉద్యోగం మొదట బల్మూర్‌లో వచ్చింది. అప్పుడు నా చేత్తో నేనే జెండా మడతలో పూలు పెట్టాను. ప్రతి ఏడూ అమ్మను రమ్మన్నాను. ప్రతి ఏడూ ఒకటే జవాబు. "ఈ యేడు గాదు బిడ్డా, సాలు ఉన్నది." చేన్లు మారాయి, ఆసాములు మారారు. నాన్న పోయాడు, జనవరి వలస తమ్ముడి వెంట సాగింది. నాన్న పాత అంగీ చిరిగితే తమ్ముడి పాత అంగీ వచ్చింది. అమ్మ సాలు మాత్రం అట్లాగే ఉంది. నా సంపాదనతో కూర్చోబెడతానంటే "కూసుంటే కాళ్ళు వడిపోతయి" అనేది. ఆ మొండితనం నాకూ వచ్చింది, కాబట్టి నేనూ అడగడం మానలేదు.

నిరుడు ఆషాఢంలో అమ్మ గట్టు మీద జారిపడి మడమ విరగ్గొట్టుకుంది. వనపర్తి దవాఖానలో పట్టీ వేయించి మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆగస్టు వచ్చేసరికి పట్టీ తీసేశారు, చేతికర్రతో నడుస్తున్నది. కానీ చేనుకు పోవడానికి లేదు. అమ్మ బుద్ధి తెలిసినప్పటి నుంచి మొగ్గ ముట్టకుండా గడిపిన ఆగస్టు అదే. ఇంట్లో నిలకడగా ఉంటేనా! పొద్దున లేచి కిటికీలో నుంచి ఎండ చూసేది. "తడి ఆరుతున్నట్టున్నది," అనేది. ఎవరితోనో తెలియదు. మా కుండీలో మందారమొగ్గను గోరుతో గిల్లబోయి, నన్ను చూసి చేయి వెనక్కి తీసుకుంది. ఆమెను అట్లా చూస్తే నాకు జాలేసింది. మరుక్షణమే ఒక ఆశ కూడా పుట్టింది, దాచడమెందుకు. ఈసారి జెండా పండుగకు ఆమెకు సాలు లేదు.

"రేపు నాతోని బడికి రావాలె," అన్నాను పధ్నాలుగో తేదీ సాయంత్రం.

"ఈ కాలు వెట్టుకొనా?"

"ఆటో మాట్లాడిన."

అమ్మ మడమ నిమురుకుంది. "పూలు ఇంక పెడ్తుండ్రా?" అంది.

ఆ రాత్రి బంతిరేకులు నేను తెంపలేదు. అమ్మే తెంపింది. ఒక గిన్నె నిండా.

మా బడికి ఇప్పుడు నేనే ఇన్‌చార్జి. ఆ పొద్దున పిల్లలు వరుసలో నిలబడ్డారు. గోడ వెంట వాళ్ళ తల్లులు నిలబడ్డారు. కాలువ నీళ్ళు వచ్చినప్పటి నుంచి మా దిక్కు వరినాట్లు ఎక్కువయ్యాయి. అందరూ నాటుకు పోవాల్సినవాళ్ళే. చీరలు పైకి ఎగ్గట్టుకుని, అన్నం గిన్నెలు కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఒక కన్ను పిల్లల మీద, ఒక కన్ను రోడ్డు మీద. అమ్మకు వరండా అంచున చోటు చూపించాను. ముందు వరుసలో తువ్వాల పరిచిన పెద్ద కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. మండలం నుంచి రావాల్సిన పెద్దమనిషి కోసం వేసినది. ఎనిమిదయింది. కుర్చీ ఖాళీగానే ఉంది. ఫోన్ చేస్తే "దార్ల ఉన్న" అన్నాడు. ఎక్కడి దారో ఆయనకే తెలియాలి.

తోటి సారు నా చెవిలో "కాసేపు చూద్దాం మేడమ్, లేకుంటే మాట పడతాము" అన్నాడు. సరేనని నేనూ గేటు దాకా పోయి రోడ్డు చూసి వచ్చాను. మళ్ళీ పోబోతూ అమ్మ వైపు చూశాను.

అమ్మ వరండా స్తంభం పక్కన లేచి నిలబడి ఉంది. చేతికర్ర గోడకు ఆనించి ఉంది. కళ్ళు ఆకాశంలో ఉన్నాయి. చేతులు తోరణం మీద ఉన్నాయి. ఈ కాలపు తోరణాలు బజారులో కొన్నవి, మూడు రంగుల నిగనిగల కాయితాలు. అమ్మ తెల్లవాటిని ముట్టలేదు, పచ్చవాటిని ముట్టలేదు. కాషాయం కాయితాలు ఒక్కొక్కటే ఆమె పిడికిట్లోకి పోతున్నాయి. సాలు లేదు, చేను లేదు, ఆమెను తొందరపెట్టే ఆసామి లేడు. గోడ వెంట నిలబడ్డ తల్లులను చూసి, వాళ్ళ తొందరను ఆమె పడుతున్నది.

నాకు ఎనిమిదో తరగతి మొత్తం కళ్ళలోకి వచ్చింది. గేటు దగ్గరి నుంచి వెనక్కి తిరిగాను.

"ఇంక ఎవరికోసం ఆగేది లేదు," అన్నాను గట్టిగా. "నాటుకు పోయేటోళ్ళున్నరు. మీలోనే ఒకరు రాండ్రి, ఎగరేద్దం."

తల్లులు ఒకరినొకరు చూసుకుని నవ్వారు, ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. వాళ్ళలో పెద్దామె మాత్రం చెయ్యెత్తి వరండా దిక్కు చూపించింది.

"మేమెందుకు టీచరమ్మా? పెద్దమనిషి ఆడున్నది గద. మీ అమ్మతోని గుంజిపియ్యి."

అమ్మ ఉలిక్కిపడింది. "నేనేంది, నాకు తెల్వదు," అంటూనే ఉంది. ఇద్దరు తల్లులు చెరో రెక్క పట్టుకుని జెండా కర్ర దగ్గరికి నడిపించారు. తాడు చేతిలో పెడితే ఒక చెయ్యి చాలలేదు. రెండో చెయ్యి తెరవాల్సి వచ్చింది, అందులో కాయితాలున్నాయి. వాటిని చూసుకుని ఆమె సిగ్గుపడింది. నేను దోసిలి పట్టాను. కాయితాలన్నీ నా చేతుల్లో పోసి, తాడు పట్టుకుని లాగింది.

ముడి వీడింది. బంతిరేకులు ఆమె నెత్తి మీద, భుజాల మీద, నేల మీద రాలాయి.

"నిజంగనే పడ్తయి!" అంది అమ్మ, చిన్నపిల్లలా.

పిల్లలు జనగణమన అందుకున్నారు. పాట ముగిసింది. తల్లులు గిన్నెలు తీసుకుని, పిల్లల తలలు నిమిరి, గబగబా పొలాల దారి పట్టారు. అమ్మ మాత్రం తల దించలేదు. గాలికి జెండా నిండుగా పరుచుకుని ఉంది.

"ఏం జూస్తున్నవమ్మా?"

"గింత తెలుపు నేనేనాడు సూడలే బిడ్డా," అంది.

ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. దగ్గరలో ఉన్నది తువ్వాల పరిచిన కుర్చీయే. అందులో కూర్చోబెట్టాను. అమ్మ వెనక్కి ఆనుకుని కాళ్ళు చాపుకుంది. అంతలో గేటు బయట జీపు ఆగిన చప్పుడైంది. అమ్మ కంగారుగా కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

"కూసోయే అమ్మా. నీ సాలు అయిపోయింది."